తక్కువ ధరకు డెస్క్‌టాప్ కొంటున్నారా? ధర కంటే ముందు ఈ నంబరు చూడండి

ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయో అమ్మాయో ఉన్నారు. మాక్ టెస్టులు రాయాలి. కొత్త ల్యాప్‌టాప్‌కు బడ్జెట్ చాలదు. ‘రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ తీసుకోండి, తక్కువలో అయిపోతుంది’ అని తెలిసినవాళ్లు చెబుతారు. తీరా వెతకడం మొదలుపెడితే ‘కోర్ ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ’ అంటూ అవే వివరాలతో పది ప్రకటనలు కనిపిస్తాయి. ధరల్లో మాత్రం వేల రూపాయల తేడా. అన్నీ ఒకటే అయినప్పుడు తక్కువ ధరదే తీసుకుంటే పోలేదా?

అన్నీ ఒకటి కావు. అసలు తేడా ఎక్కడుందో ప్రకటనలో చాలాసార్లు రాయరు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంటే కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు ఉచితంగా వచ్చే మరమ్మతులు ఆగిపోయాయి. విండోస్ 11కు పనికిరాని పాత యంత్రాలను ఆఫీసులు మార్చేసుకుంటున్నాయి. వాటిలో చాలా వరకు దుమ్ము దులిపి, కొత్త ఎస్‌ఎస్‌డీ వేసుకుని మళ్లీ అమ్మకానికి వస్తున్నాయి. బ్యాంకు లావాదేవీలు, ఆధార్ కాపీలు, పిల్లల హాల్‌టికెట్లు అన్నీ ఉండే కంప్యూటర్‌కు భద్రతా అప్‌డేట్లు రాకపోతే కొన్నప్పటి సంతోషం మూడు నాళ్ల ముచ్చటే. అందుకే తక్కువ బడ్జెట్‌లో కొనేవాళ్లు ‘ఎంతకు వస్తోంది’ అని కాదు, ‘ఎన్నేళ్లు వస్తుంది’ అని అడగాలి.

అసలు మీకు డెస్క్‌టాప్ అవసరమేనా?

ముందు ఈ ప్రశ్న వేసుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బిల్లుల చెల్లింపుల కోసమే అయితే కంప్యూటర్ కొనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మొదలైన ‘మన మిత్ర’ ద్వారా చాలా సేవలు వాట్సాప్‌లోనే అందుతున్నాయి. తెలంగాణలో మీసేవ కేంద్రాలున్నాయి. డిజిలాకర్ ఫోన్‌లోనే పనిచేస్తుంది.

ఫోన్‌తో సరిపోని పనులు వేరే ఉన్నాయి. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) 2018 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్ ఆధారిత పరీక్షగా జరుగుతోంది. జేఈఈ మెయిన్ 2019 నుంచి పూర్తిగా అంతే. తెరపై ప్రశ్న చదివి, కాగితంపై లెక్క చేసి, మౌస్‌తో జవాబు గుర్తించడం అలవాటు ఉండాలి. ఫోన్‌లో ఎన్ని టెస్టులు రాసినా ఆ అలవాటు రాదు. కౌన్సెలింగ్‌లో వందల వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం, ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో, సంతకం అడిగిన కేబీల్లోకి తగ్గించడం, టైపింగ్ నేర్చుకోవడం, చిన్న వ్యాపారం లెక్కలు రాసుకోవడం... వీటికి పెద్ద తెర, కీబోర్డు ఉంటేనే పని సాగుతుంది.

ఇంకో విషయం కూడా ముందే తేల్చుకోండి. మీ పని మొత్తం బ్రౌజర్‌లోనే జరుగుతుందా, లేక విండోస్ తప్పనిసరా? ట్యాలీ, డీటీపీ వాళ్లు వాడే అను స్క్రిప్ట్ వంటివి విండోస్ కోసం తయారైనవి. మాక్ టెస్టులు, దరఖాస్తులు, వీడియో పాఠాలకు మాత్రం బ్రౌజర్ చాలు. ఈ జవాబును బట్టే మీరు ఎంత పాత యంత్రం కొనొచ్చో తేలుతుంది.

ఏమిటా నంబరు?

‘ఐ3, ఐ5, ఐ7’ అన్నవి ఇంటెల్ ప్రాసెసర్ల శ్రేణులు మాత్రమే. ఎప్పటి సరుకో వాటిని బట్టి తెలియదు. అది తెలియాలంటే గీత తర్వాత ఉన్న అంకెలు చూడాలి.

- ఐ5-6500: మొదటి అంకె 6. ఇది ఆరో తరం, 2015 నాటిది.
- ఐ5-8500: మొదటి అంకె 8. ఎనిమిదో తరం, 2018 నాటిది.
- ఐ5-10400: అయిదంకెలుంటే మొదటి రెండు చూడాలి. ఇది పదో తరం.
- ఐ3-12100: పన్నెండో తరం.

మైక్రోసాఫ్ట్ నిబంధనల ప్రకారం విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మద్దతు ఉంది. అంతకు ముందు తరాల్లో ఒకటి రెండు మినహాయింపులే ఉన్నాయి. ఏఎండీ అయితే రైజెన్ 3000 సిరీస్, ఆపైవి చూసుకోండి. వీటితో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ సదుపాయం, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉండాలి.

‘ఐ7 కాబట్టి ఐ3 కంటే మంచిది’ అన్న మాట నమ్మకండి. ఐ7-2600 అనేది 2011 నాటి రెండో తరం ప్రాసెసర్. ఐ3-8100 ఎనిమిదో తరానిది. రెండింటికీ నాలుగేసి కోర్లు. ఐ7-2600కు కంపెనీ ఇచ్చిన విద్యుత్ రేటింగ్ 95 వాట్లు, ఐ3-8100కు 65 వాట్లు. విండోస్ 11కు అర్హత ఉన్నది ఐ3కే. పేరు చూస్తే ఐ7 పెద్దది, ఇంటి పనికి మేలు మాత్రం ఐ3.

ప్రకటనలో ‘కోర్ ఐ5’ అని మాత్రమే రాసి పూర్తి నంబరు ఇవ్వలేదంటే అడగండి. చెప్పకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

‘విండోస్ 11 వేసి ఇస్తున్నాం’ అంటే?

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. అర్హత లేని పాత యంత్రాల్లో కూడా తనిఖీలను దాటవేసి విండోస్ 11 ఎక్కించే పద్ధతులున్నాయి. దుకాణంలో ఆన్ చేసి చూపిస్తే తెర అచ్చం కొత్త కంప్యూటర్‌లాగే ఉంటుంది. కానీ అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. కాబట్టి తెరపై విండోస్ 11 కనిపించడం అర్హతకు రుజువు కాదు. ప్రాసెసర్ నంబరే రుజువు.

విండోస్ 10 ఉన్న యంత్రం ఇస్తే? వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు పొందే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే దీన్ని ఉచితంగానే తీసుకోవచ్చు. ఇప్పటికే ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కు ఇది పనికొస్తుంది. దీన్ని నమ్ముకుని కొత్తగా డబ్బు పెట్టి పాతది కొనడం మాత్రం తెలివైన పని కాదు.

‘కొత్త అసెంబుల్డ్’లో ఏముంది?

‘సెకండ్ హ్యాండ్ వద్దు, కొత్తదే కావాలి’ అనుకునేవాళ్ల కోసం మార్కెట్లో మరో రకం ఉంది. కొత్త క్యాబినెట్, మెరిసే లైట్లు, కొత్త కీబోర్డు, మౌస్. బిల్లులో ‘ఐ5 పీసీ’. లోపల మదర్‌బోర్డు పేరులో ‘హెచ్61’ అని కనిపిస్తే జాగ్రత్త. హెచ్61 చిప్‌సెట్ 2011 నాటిది. దానిపై పనిచేసేవి ఇంటెల్ రెండు, మూడు తరాల ప్రాసెసర్లే. ఆ బోర్డులను ఇప్పటికీ కొత్తగా తయారుచేసి, పాత యంత్రాల నుంచి తీసిన ప్రాసెసర్లు పెట్టి అమ్ముతుంటారు. పెట్టె కొత్తదే, గుండెకాయ మాత్రం దశాబ్దం నాటిది.

నిజంగా కొత్తది తీసుకోవాలనుకుంటే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌తో వచ్చే చిన్న మినీ పీసీలు చూడొచ్చు. 2023లో వచ్చిన ఈ ప్రాసెసర్‌లో నాలుగు కోర్లుంటాయి. రేటింగ్ 6 వాట్లే కాబట్టి కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది. విండోస్ 11కు అర్హత ఉంది. చదువు, బ్రౌజింగ్, ఆఫీస్ పనులకు సరిపోతుంది. వీడియో ఎడిటింగ్, పెద్ద గేములకు సరిపోదు. పేరు వినని బ్రాండ్ అయితే మీ ఊళ్లో సర్వీసు ఎవరు చేస్తారో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

ఆఫీసుల కోసం తయారైన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ వంటివి రీఫర్బిష్డ్ మార్కెట్లో ఎక్కువగా దొరుకుతాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి కంప్యూటర్ మార్కెట్లకు వెళితే నాలుగు దుకాణాల్లో ధరలు పోల్చుకోవచ్చు. ఎనిమిదో తరం, ఆపైన దొరికితే తక్కువ బడ్జెట్‌కు ఇవి మంచి ఎంపిక. ఐ5-8500లో ఆరు కోర్లుంటాయి. వీటికీ పరిమితులున్నాయి. చిన్న సైజు మోడళ్లలో పవర్ సప్లై ఆ కంపెనీ సొంత డిజైన్‌లో ఉంటుంది. పాడైతే బయట దొరికే మామూలుది పట్టదు.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎంత ఉండాలి?

విండోస్ 11కు కనీసం 4 జీబీ అంటున్నా, దాంతో నాలుగు ట్యాబ్‌లు తెరవగానే యంత్రం నత్తనడక నడుస్తుంది. 8 జీబీ తప్పనిసరి అనుకోండి. 16 జీబీ ఉంటే ఎక్కువ కాలం ఇబ్బంది ఉండదు. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు పెరిగాయి. ‘ఇప్పుడు 4 జీబీతో తీసుకోండి, తర్వాత వేసుకోవచ్చు’ అనే సలహా గతంలోలా కలిసిరాదు. కావాల్సింది మొదటే పెట్టించుకుని బేరం ఆడండి.

హార్డ్ డిస్క్ కాదు, ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ‘500 జీబీ’ అని పెద్ద అంకె చూపించి హార్డ్ డిస్క్ ఇస్తారు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఇంటికి సరిపోతుంది. వేగంలో పోలికే ఉండదు.

ఏడాదికి ఎంత పడుతోంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే. ఆరో తరం యంత్రం రూ.8 వేలకు, ఎనిమిదో తరం యంత్రం రూ.15 వేలకు వస్తున్నాయనుకోండి. మొదటిది విండోస్‌తో ఏడాది మాత్రమే నమ్మకంగా వాడగలిగితే దాని ఖర్చు ఏడాదికి రూ.8 వేలు. రెండోది నాలుగేళ్లు నడిస్తే ఏడాదికి రూ.3,750. అంటే నెలకు రూ.312 చొప్పున. చౌక అనుకున్నదే ఖరీదైంది.

కరెంటునూ కలపండి. పాత పెద్ద టవర్ సగటున 70 వాట్లు తీసుకుంటుందని, రోజుకు 6 గంటలు వాడతారని అనుకుంటే నెలకు 12.6 యూనిట్లు. 25 వాట్లు తీసుకునే చిన్న డెస్క్‌టాప్ అయితే 4.5 యూనిట్లు. తేడా నెలకు 8 యూనిట్లే అయినా ఏడాదికి వంద యూనిట్ల దాకా వస్తుంది.

ఇక ‘సీపీయూ ధర’కు బయట ఉండే ఖర్చులు. మానిటర్, కీబోర్డు, మౌస్, వెబ్‌క్యామ్, స్పీకర్లు లేదా హెడ్‌సెట్, యూపీఎస్. ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి వైఫై ఉండదు. యూఎస్‌బీ వైఫై అడాప్టర్ విడిగా కొనాలి. కొన్నింటికి హెచ్‌డీఎంఐ కూడా ఉండదు, డిస్‌ప్లేపోర్ట్, వీజీఏ మాత్రమే ఉంటాయి. మీ మానిటర్‌కో టీవీకో కలపాలంటే కన్వర్టర్ కావాలి. ఇవన్నీ రాసి మొత్తం కూడాకే ‘బడ్జెట్‌లో ఉంది’ అనండి.

దుకాణంలో అరగంట కేటాయించండి

ఆన్ చేసి, వాల్‌పేపర్ చూసి డబ్బు కట్టేయకండి. దగ్గర కూర్చుని ఈ పనులు చేయండి.

1. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫామెన్స్ విభాగంలో ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు ఖాళీ, డిస్క్ ఎస్‌ఎస్‌డీయా కాదా అన్నీ కనిపిస్తాయి. ఫొటో తీసుకోండి.
2. విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి డివైస్ సెక్యూరిటీ తెరవండి. సెక్యూరిటీ ప్రాసెసర్ వివరాల్లో వెర్షన్ 2.0 అని ఉండాలి. అదే టీపీఎం.
3. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో, ఎన్ని గంటలు నడిచిందో చూడండి.
4. పెట్టె వెనక ఉన్న సర్వీస్ ట్యాగ్ లేదా సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టండి. వారంటీ తేదీలను బట్టి యంత్రం అసలు వయసు తెలుస్తుంది.
5. షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, రెండు నిమిషాలాగి ఆన్ చేయండి. టైమ్, తేదీ తప్పు చూపిస్తే లోపలి నాణెం బ్యాటరీ అయిపోయినట్లే. అది చిన్న ఖర్చు, మార్పించుకోండి.
6. ఆన్ అయ్యేటప్పుడు బయోస్ పాస్‌వర్డ్ అడిగినా, ఏదైనా కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వచ్చినా తీసుకోకండి. పాత యజమాని తాళం ఇంకా తీయలేదని అర్థం.
7. అన్ని యూఎస్‌బీ పోర్టులూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. యూట్యూబ్‌లో హెచ్‌డీ వీడియో పెట్టి, మరో ఎనిమిది ట్యాబ్‌లు తెరిచి పదిహేను నిమిషాలు వదిలేయండి. ఫ్యాన్ గోల పెట్టినా, యంత్రం ఆగిపోయినా మీకే తెలిసిపోతుంది.

సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీ కూడా చూడండి. విండోస్ అసలుదేనా, లైసెన్స్ ఎలా వచ్చిందో అడిగి బిల్లుపై రాయించుకోండి. దొంగ యాక్టివేషన్ ప్రోగ్రామ్‌లతో పాటు వైరస్‌లు కూడా రావచ్చు. ఆ కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ చేయడం దొంగ చేతికి తాళం ఇవ్వడమే.

బడ్జెట్ అంత లేదు, మరి?

పాతది కొనకూడదని కాదు. దానికి తగిన వాడకం ఎంచుకోవాలి. పని అంతా బ్రౌజర్‌లోనే అయితే ఆరు, ఏడు తరాల యంత్రం తక్కువ ధరకు తీసుకుని ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలు వేసుకోవచ్చు. వీటికి భద్రతా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. తెలుగు టైపింగ్ ఉంది. లిబ్రేఆఫీస్ ఉచితం. గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఇంకో దారి. ఇంట్లో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌కైనా ఇదే చిట్కా. 8 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ వేస్తే కొత్త పెట్టె కొనే పనే ఉండకపోవచ్చు.

నెలవారీ చందాతో వచ్చే క్లౌడ్ కంప్యూటర్లు కూడా వచ్చాయి. జియో 2025లో తెచ్చిన జియోపీసీ అలాంటిదే. టీవీ సెట్‌టాప్ బాక్సుకు కీబోర్డు, మౌస్ కలిపితే కంప్యూటర్ తెర వస్తుంది. కొద్ది నెలల అవసరానికి బాగుంటుంది. కానీ నెట్ ఆగితే కంప్యూటర్ కూడా ఆగినట్లే. నెలకు రూ.500 చొప్పున అనుకున్నా మూడేళ్లకు రూ.18 వేలు అవుతుంది. చివరికి మీ చేతిలో యంత్రమంటూ మిగలదు.

బిల్లు లేకపోతే హక్కు లేనట్లే

కొత్త కంప్యూటర్‌పై జీఎస్టీ 18 శాతం. ‘బిల్లు వద్దంటే ఆ మేరకు తగ్గిస్తాం’ అనే మాట వినిపిస్తుంది. ఒప్పుకుంటే తర్వాత గొడవ వచ్చినప్పుడు మీరు అక్కడ కొన్నారని చూపించే ఆధారమే ఉండదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెకండ్ హ్యాండ్ సరుకు కొన్నవారికీ వర్తిస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోవడానికి నిరాకరించడమూ అంతే. అందుకే ఆ గడువు ఎన్ని రోజులని రాశారో కొనేముందే చదవండి. బిల్లులో ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, సీరియల్ నంబరు, వారంటీ కాలం ఉండాలి. ‘ఐ5 పీసీ - 1’ అని రాస్తే రేపు ఏ ఐ5 అమ్మారో నిరూపించలేరు.

దుకాణదారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 8800001915కు వాట్సాప్ కూడా చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. దుకాణం వేరే ఊళ్లో ఉన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలుంది. రెండేళ్లలోపు చేయాలి.

ఒక మాట కూడా అడగండి. ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2022 ప్రకారం రీఫర్బిష్ చేసే సంస్థలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. ఆ నమోదు చూపించగలిగిన సంస్థ దగ్గర కొంటే సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగినా జవాబు దొరుకుతుంది.

బయల్దేరే ముందు ఈ మెసేజ్ పంపండి

దుకాణానికి వెళ్లేలోపే అమ్మేవారికి వాట్సాప్‌లో ఈ అయిదు ప్రశ్నలు పంపండి. రాతపూర్వకంగా వచ్చిన జవాబు తర్వాత మీకు ఆధారం కూడా అవుతుంది.

- ప్రాసెసర్ పూర్తి నంబరు, మదర్‌బోర్డు మోడల్ ఏమిటి?
- టీపీఎం 2.0 ఉందా? విండోస్ 11 లైసెన్స్ అసలుదేనా?
- ర్యామ్ ఎంత, డిస్క్ ఎస్‌ఎస్‌డీయా, దాని ఆరోగ్యం ఎంత శాతం?
- వైఫై, హెచ్‌డీఎంఐ ఉన్నాయా?
- జీఎస్టీ బిల్లు ఇస్తారా? వారంటీ ఎన్ని నెలలు, ఏయే భాగాలకు?

అయిదింటికీ సూటిగా జవాబు ఇచ్చిన దుకాణానికి వెళ్లండి. ‘వచ్చి చూడండి సార్, మంచి పీస్’ అని మాత్రమే అంటే, మీ బస్సు ఛార్జీ మిగిలిందనుకుని ఇంకో దుకాణానికి మెసేజ్ పెట్టండి.